యాప్ అప్‌డేట్ అయితే పాత ఫోన్ సంగతేంటి? పత్తి సీజన్‌కు ముందు వెర్షన్ల లెక్క

పత్తి అమ్మాలంటే ఇప్పుడు తేమ శాతం ఒక్కటే చూసుకుంటే చాలదు. ఫోన్‌లో ఆండ్రాయిడ్ వెర్షన్ కూడా చూసుకోవాలి. 2025-26 సీజన్‌కు సీసీఐ ‘కపాస్ కిసాన్’ యాప్ తెచ్చింది. రిజిస్ట్రేషన్, స్లాట్ బుకింగ్ అందులోనే. పొడవు పింజ పత్తికి ఆ సీజన్ మద్దతు ధర క్వింటాల్‌కు రూ.8,110. గుంటూరు, ప్రకాశం రైతుకు ఆ రేటు దక్కాలంటే మధ్యలో ఈ గేటు దాటాలి.

యాప్ చేసేవాళ్లు కోడ్ మొత్తం సొంతంగా రాయరు. ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్ లైబ్రరీలు తెచ్చి వాడతారు. ఆండ్రాయిడ్ యాప్‌లలో చాలావాటికి గూగుల్ ‘ఆండ్రాయిడ్ఎక్స్’ లైబ్రరీలే పునాది. వీటి వెర్షన్‌లో మూడు అంకెలుంటాయి, 1.10.2 లాగా. చివరి అంకె మారితే చిన్న రిపేర్లు. మధ్యది మారితే కొత్త సౌకర్యాలు వచ్చినట్టు, పాత కోడ్‌కు ఢోకా లేదు. మొదటిది మారితే మాత్రం పాత కోడ్ ఆగిపోవచ్చు, జాగ్రత్త అని అర్థం.

మాట బాగానే ఉంది. కానీ ఆ మాట ఇచ్చింది ప్రోగ్రామర్‌కు, రైతుకు కాదు. 2025 జూన్ నుంచి ఈ లైబ్రరీల కొత్త వెర్షన్లకు కనీసం ఆండ్రాయిడ్ 6 కావాలి. అంతకుముందు 5 ఉన్నా నడిచేది. చాలా లైబ్రరీల్లో మొదటి అంకె మారకుండానే ఇది జరిగిపోయింది. ప్రోగ్రామర్ కోడ్ చెక్కుచెదరదు, పాత ఫోన్ మాత్రం బయటికి. నిజానికి పదేళ్ల నాటి ఫోన్లను వదిలేయడం పెద్ద తప్పేం కాదు. క్రోమ్ ఇంకా ముందుకెళ్లింది. 2025 ఆగస్టులో వచ్చిన 139వ వెర్షన్‌కు ఆండ్రాయిడ్ 10 ఉండాల్సిందే. అంటే 2018 నాటి ఆండ్రాయిడ్ 9 ఫోన్లకూ అప్‌డేట్ లేదు.

పాత ఫోన్‌కు ప్లే స్టోర్ కొత్త అప్‌డేట్ చూపించదు, పాత యాప్ అలాగే ఉంటుంది. అంతవరకు నష్టం లేదు. ‘అప్‌డేట్ చేస్తేనే ముందుకు’ అని సర్వర్ మొండికేస్తేనే అసలు తంటా. కపాస్ కిసాన్ అలా చేసిందని కాదు. ఏ యాప్‌కైనా ఆ ప్రమాదం ఉంది.

టైమింగ్ కూడా చూడాలి. యాప్ అప్‌డేట్లు కొత్త ఆండ్రాయిడ్‌కు తగ్గట్టు ఉండాలని ప్లే స్టోర్ పెట్టే గడువు ఆగస్టు 31. 2025లో అది ఆండ్రాయిడ్ 15. ఆ గడువు కోసం యాప్‌ను మళ్లీ కడితే లైబ్రరీలూ కొత్తవి రావడం మామూలే. అక్టోబర్‌కల్లా చేలో పత్తి తీతలు.

దారి లేకపోలేదు. ఉబుంటు ఎల్‌టీఎస్ వెర్షన్లకు ఐదేళ్లు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తుంది. అదే పద్ధతిలో కొనుగోళ్లు ముగిసేదాకా పాత యాప్‌కు సర్వర్ తలుపు మూయకూడదని, సీజన్ మధ్యలో సెక్యూరిటీ రిపేర్లు తప్ప ఇంకేం మార్చకూడదని యాప్ కాంట్రాక్టులోనే రాసుకోవచ్చు. ఖర్చు కొంచెం పెరుగుతుంది. రాయకపోతే ఆ ఖర్చు రైతు మీద పడుతుంది. కొత్త ఫోన్ కొనాలి, లేదంటే స్లాట్ కోసం పక్కింటి కుర్రాడినో, రైతు సేవా కేంద్రం సిబ్బందినో బతిమాలాలి.