ముందు వెలుగు, వెనక చీకటి

పట్టపగలు స్కూటీలో పోతుంటే ఎదురొచ్చే పెద్దాయన చేతివేళ్లు ముడిచి తెరిచి సైగ చేస్తాడు. సిగ్నల్ దగ్గర ఆగితే పక్క బండాయన నోటితోనే చెప్తాడు: "ఏం పాపా, లైటు వెలగతా ఉంది, ఆర్పు." మనలో స్కూటీ నడిపే ప్రతి ఒక్కరికీ ఇది అనుభవమే. ఆర్పుదామన్నా దానికి స్విచ్ లేదు. ఇంజన్ స్టార్ట్ కాగానే దీపం దానంతటదే వెలగాలని 2017 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో కొత్త ద్విచక్ర వాహనాలకు రూలు వచ్చింది. ఆ పెద్దాయనది మంచి మనసే. కాకపోతే దీపమంటే దారి చూపడానికే అన్నది ఆయన లెక్క. ఈ దీపం మనకు దారి చూపడానికి కాదు, ఎదుటివాడికి మనల్ని చూపడానికి.

తెలుగు శాఖ గోడ మీద బండి లైట్ల గోల ఏమిటని అడుగుతారేమో. శూలగిరి నుంచి, బాగలూరు నుంచి, రాయకోట దారి నుంచి రోజూ వచ్చిపోయేది మనమే. అందుకే రాస్తున్నా. చెప్పదలచుకున్నది ఒక్కటే: కారుకు ముందు దీపం వెలిగితే వెనక దీపం కూడా వెలిగి తీరాలి. ఇప్పుడు చాలా కార్లలో అట్లా జరగడం లేదు.

పగటి దీపాల సంగతి ముందు చూద్దాం. కొత్త కార్ల ముందు భాగంలో తెల్లగా గీతలాగో, కనుబొమ్మలాగో మెరిసే ఎల్ఈడీ లైట్లున్నాయి కదా, వాటినే డీఆర్ఎల్ అంటారు. సూర్యుడి ముందు దివిటీ ఎందుకని మనకు అనిపించొచ్చు. చలికాలంలో సూర్యుడు నెత్తికెక్కని ఉత్తరాది దేశాల్లో ఇది మొదలైంది. స్వీడన్ 1977లోనే పగలు కూడా లైట్లు వేసుకుని నడపాలంది. కెనడా 1989 చివర్లో కొత్త బళ్లకు తప్పనిసరి చేసింది. యూరప్‌లో 2011 ఫిబ్రవరి నుంచి కొత్త రకం కార్లకు ఉండాల్సిందే. చెట్టు నీడలోంచి ఎండలోకి, ఎండలోంచి వంతెన కిందికి వచ్చే బండిని కన్ను త్వరగా పట్టుకోలేదు. చిన్న వెలుగుచుక్క ఉంటే పట్టుకుంటుంది. కాబట్టి పగటి దీపం దండగ అనే మాటను నేను ఒప్పుకోను.

అయితే ఆ దీపం పని అంతవరకే. యూరప్ దేశాలు పాటించే నిబంధన ప్రకారం ఒక్కో డీఆర్ఎల్ వెలుగు 400 నుంచి 1200 క్యాండెలాల మధ్య ఉండాలి. ఎదుటివాడి కంటికి ఆనుతుంది, రోడ్డు మీద గుంతను మాత్రం చూపదు. అది ఉండేది బండికి ముందు వైపే. అది వెలుగుతుంటే వెనక ఎర్ర దీపం కూడా వెలగాలని ఆ నిబంధన అడగదు.

ఇక ఆటోమేటిక్ హెడ్‌లైట్లు. ముందు అద్దం లోపల, రేర్‌వ్యూ మిర్రర్ వెనక, చిన్న సెన్సర్ ఉంటుంది. కొన్ని కార్లలో డ్యాష్‌బోర్డు మీద ఉంటుంది. వెలుగు పడితే అందులో కరెంటు పుడుతుంది, వెలుగు తగ్గితే అదీ తగ్గుతుంది. ఆ తగ్గుదలను చూసి కారులోని కంప్యూటర్ హెడ్‌లైట్లు, వెనక దీపాలు కలిపి వేస్తుంది. ఎంత చీకటి పడితే వేయాలి? అదే నిబంధనల్లో దీనికీ లెక్క ఉంది. బయటి వెలుగు 1000 లక్స్‌కు తగ్గితే 2 సెకన్లలో లైట్లు పడాలి, 7000 దాటితే ఆరిపోవాలి. ఆ రెండింటి నడుమ కంపెనీ ఇష్టం. పోల్చి చూడాలంటే, మిట్టమధ్యాహ్నపు ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది.

గమనించండి, సెన్సర్ కొలిచేది వెలుగును మాత్రమే. మంచు ఉందా, వాన కురుస్తుందా, ముందు బండి కనిపిస్తుందా అన్నది దానికి తెలీదు. కొన్ని కార్లలో వైపర్ తిరిగితే లైట్లు పడే ఏర్పాటు ఉంది గానీ మంచుకు అదీ పనికిరాదు. మన హోసూరు మంచు సంగతి మనకు తెలిసిందే. మార్గశిరం, పుష్యం నెలల్లో పొద్దు పొడిచినాక కూడా తెల్లగా దుప్పటి కప్పినట్టు ఉంటుంది. తెల్లగా ఉంటుంది కాబట్టే సెన్సర్ దాన్ని పగలనుకుంటుంది. హెడ్‌లైట్లు వేయదు. ముందు డీఆర్ఎల్ మెరుస్తుంటుంది, వెనక ఒక్క దీపమూ ఉండదు.

నడిపేవాడికి అది తెలీదు. పాత కార్లలో లైట్లు వేయకపోతే మీటర్ బోర్డు కూడా చీకటిగానే ఉండేది. ముల్లు కనపడక చేయి స్విచ్ మీదికి పోయేది. ఇప్పుడు బోర్డు ఎప్పుడూ టీవీలాగా వెలుగుతూ ఉంటుంది. ముందేమో డీఆర్ఎల్ వెలుగు ఎదుటి లారీ మీద కాస్త మెరుస్తుంది. అన్నీ వెలుగుతున్నాయనే ధీమా. దీపాలు పెట్టే వేళ ఇళ్లల్లో దీపం పెడతారు గానీ, ఆ వేళ రోడ్డు మీదున్న కారు వెనక చీకటే.

వెనక వచ్చేది ఎవరు? టౌన్ బస్సు, లోడు లారీ, స్కూటీ మీద మనం. హైవేలో గంటకు 80 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 22 మీటర్లు. మంచులో ముందున్న కారును పోల్చుకోవడానికి 2 సెకన్లు పడితే, బ్రేకు మీద కాలు పడేలోపే 44 మీటర్లు పోయి ఉంటాం.

కెనడా ఈ తప్పును పట్టుకుంది. పగటి దీపాలు తెచ్చిన దేశమే, వెనక చీకటితో తిరిగే కార్లను దెయ్యం బళ్లని పేరు పెట్టి 2021 సెప్టెంబరు నుంచి కొత్త వాహనాలకు రూలు మార్చింది. మూడు దారులిచ్చింది: డీఆర్ఎల్‌తో పాటు వెనక దీపాలూ వెలగాలి, లేదా చీకటి పడితే అన్ని లైట్లూ వాటంతటవే పడాలి, లేదా లైట్లు వేసేదాకా మీటర్ బోర్డు చీకటిగా ఉండాలి. ఇందులో మొదటిదే మనకు సరిపోతుందని నా అభిప్రాయం. ఎందుకంటే రెండోది సెన్సర్‌ను నమ్ముకున్నది, దానికి మంచు తెలీదు. మూడోది మనిషిని నమ్ముకున్నది, అతనికి తొందరెక్కువ.

మన చట్టం ఊరుకుందని కాదు. సూర్యాస్తమయమైన అరగంట నుంచి, ఇంకా వెలుగు చాలని ఏ వేళలోనైనా, 155 మీటర్ల దూరంలోని మనుషులూ బళ్లూ స్పష్టంగా కనిపించేలా లైట్లు వేయాలని కేంద్ర మోటారు వాహన నియమాలు చెబుతున్నాయి. "ఏ వేళలోనైనా" అనే మాటే ముఖ్యం. ఆ వేళ వచ్చిందా లేదా అని తేల్చాల్సింది మనిషే. స్విచ్‌ను ఆటోలో పెట్టి, "అదే చూసుకుంటుందిలే" అంటే ఆ బాధ్యత తీరదు.

వెనక దీపం కూడా వెలిగితే బ్రేక్ లైటు తేడా తెలీదని కొందరంటారు. రాత్రిపూట ఆ రెండూ కలిసే ఉంటాయి కదా, తేడా తెలుస్తూనే ఉంది. బ్రేక్ లైటు దానికన్నా ఎంతో ప్రకాశంగా ఉంటుంది. కరెంటు ఖర్చంటారు. ఎల్ఈడీ దీపానికి అయ్యే ఖర్చు, ఒక ప్రాణం ముందు లెక్కలోకి వచ్చేదా?

రూలు వచ్చినప్పుడు వస్తుంది. ఈలోగా మన చేతిలో ఒక పని ఉంది. ఇంట్లో కారుంటే ఈ సాయంత్రం ఇంజన్ స్టార్ట్ చేయించి, లైట్ల స్విచ్ ఉన్నచోటే ఉంచి, నాన్ననో అన్ననో కారు వెనక్కి తీసుకొచ్చి చూపండి. ముందు తెల్లగా మెరుస్తూ వెనక ఎరుపు లేకపోతే ఇక వేరే ఉపన్యాసం అక్కర్లేదు. మంచున్న రోజు, వానపడ్డ రోజు, పొద్దుగూకే వేళ చేత్తో స్విచ్ తిప్పమని చెప్పండి. బస్సులో ముందు సీటు దొరికిన రోజు ముందుపోయే కార్ల వెనక భాగం చూస్తూ రండి. ఎన్ని చీకటిగా ఉన్నాయో లెక్కపెట్టి, ఆ లెక్క ఈ గోడ మీదే కింద రాయండి.