బండల ఊరిలో చెట్ల గోడు

బేతంచెర్ల నాపరాయి చూడని ఇల్లు రాయలసీమలో అరుదు. అరుగు మీద, వంటింట్లో, బడి వరండాలో ఎక్కడ చూసినా ఈ బండలే. ఊరికి కూడు పెడుతున్న ఈ రాయే ఊరి చెట్ల పాలిట ఉరితాడు అవుతున్న సంగతి మాత్రం ఎవరికీ పట్టినట్టు లేదు. చౌకగా దొరికే వస్తువును విచ్చలవిడిగా వాడడం మానవ సహజం. రోడ్డు వారగా ఓ వేపో, కానుగో ఉంటే దాని మొదలును తాకేదాకా బండలు పరచి, సందులు సిమెంటుతో పూడ్చి, శుభ్రం చేశామనుకోవడం నాపరాయి దొరికే ఊళ్లలో పరిపాటి అయిపోయింది.

చెట్టు వేరు నీరు తాగుతుందని అందరికీ తెలుసు. అదే వేరు గాలి కూడా పీలుస్తుందని చాలామందికి తెలియదు. నీటిని, సారాన్ని అందుకునే సన్నటి పిల్లవేర్లలో ఎక్కువ భాగం నేలలో అడుగున్నర లోతులోపే ఉంటాయి. అవి కొమ్మల నీడను దాటి కూడా పాకుతాయి. పైన బండ పడితే వాన నీరు దిగదు, గాలి ఆడదు. ఉమ్మడి కర్నూలు జిల్లాలో ఏడాది సగటు వర్షపాతమే సుమారు 670 మిల్లీమీటర్లు. ఆ కాస్త వానలో చెట్టుకు రావలసిన వాటా కూడా మురుగు కాల్వ పాలవుతోంది. పోనీ, చెట్టు ఒక్కరోజులో చస్తుందా అంటే చావదు. ముందు చిటారు కొమ్మలు ఎండుతాయి, ఆకు పలచబడుతుంది, నాలుగైదేళ్లకు ఓ గాలివానకు పడిపోతుంది. నింద గాలివాన మీదికి పోతుంది.

చెట్టు కొట్టాలంటే 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం అనుమతి కావాలి. బండలు పరచి ఊపిరాడకుండా చంపడానికి మాత్రం ఏ అనుమతీ అక్కర లేదు! ఢిల్లీ నగరంలో ఇదే పరిస్థితి తలెత్తినప్పుడు, చెట్టు చుట్టూ ఒక మీటరు మేర కాంక్రీటు తొలగించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013 ఏప్రిల్ 23న ఆదేశించింది. కాంక్రీటును పగలగొట్టాలి. నాపబండకు ఆ శ్రమ కూడా లేదు. గడ్డపారతో లేపితే వస్తుంది, మరో చోటికి పనికి వస్తుంది కూడా.

పాలిష్ ఫ్యాక్టరీల నుంచి వచ్చే తెల్లటి రాతి బురద సంగతీ ఇలాంటిదే. నాపరాయి అంటే సున్నపురాయి జాతి. దాని బురదను చెట్ల మొదట్లో పారబోస్తే ఎండి పెచ్చు కడుతుంది, నీటిని దిగనీయదు. నేలలో సున్నం ఎక్కువైతే ఇనుప ధాతువు వేర్లకు అందదు. ఆకు పసుపెక్కి ఈనెలు మాత్రమే పచ్చగా మిగలడం దానికి గుర్తు. ఆ బురదను కేటాయించిన స్థలానికి తోలించినంత మాత్రాన ఏ యజమాని పొట్టా కొట్టినట్టు కాదు.

ఇక కొమ్మలు కొట్టడం. కరెంటు తీగలకు తగిలే కొమ్మలను తీసేయక తప్పదు, అందులో వాదన లేదు. కొట్టే పద్ధతి దగ్గరే వస్తుంది చిక్కు. మచ్చుకత్తితో చేతికందిన చోట నరకడం, లేదంటే తల మొత్తం మొండెం చేయడం. లైన్‌మన్‌ను తప్పుపట్టి లాభం లేదు. అతనికి తీగల పని నేర్పారు గాని చెట్టు పని ఎవరూ నేర్పలేదు. తల నరికిన చెట్టు మోడు నుంచి గుంపుగా కొత్త చిగుళ్లు వేస్తుంది. అవి త్వరగా పెరుగుతాయి, పట్టు ఉండదు. రెండు మూడేళ్లలో మళ్లీ తీగను తాకుతాయి, గాలికి విరుగుతాయి. మళ్లీ కూలి, మళ్లీ కరెంటు కోత.

అమెరికా అటవీశాఖలో పనిచేసిన అలెక్స్ షైగో అనే శాస్త్రజ్ఞుడు వేలాది చెట్లను నిలువునా కోసి చూసి ఒక సంగతి తేల్చారు. మనిషి గాయం మానినట్టు చెట్టు గాయం మానదు. కుళ్లిన భాగం చుట్టూ చెట్టు లోలోపల గోడ కట్టుకుని, మీద కొత్త చెక్క పెంచుకుంటుంది. కొమ్మ మొదట్లో ఉబ్బెత్తుగా కనబడే మడత ఆ గోడ కట్టే చోటు. దాన్ని వదిలి, దాని అంచున రంపంతో కోయాలి. మానుకు అంటగోస్తే ఆ గోడ పోతుంది, మూరెడు మోడు వదిలితే అది కుళ్లి లోపలికి దిగుతుంది. పెద్ద కొమ్మయితే ముందు కింది నుంచి కొంత కోసి, తర్వాత కాస్త దూరంగా పై నుంచి కోసి బరువు దించి, చివరికి మడత అంచున కోయాలి. లేకుంటే కొమ్మ విరుగుతూ మాను బెరడును చీల్చుకుపోతుంది. గాయానికి తారు పూయడం వల్ల మేలేమీ లేదని కూడా ఆయనే చెప్పారు.

వైద్యం తెలియక చెట్టును పోగొట్టుకున్న సందర్భమూ లేకపోలేదు. 2021లో తెలుగు రాష్ట్రాల్లో వేపచెట్లు చిటారు నుంచి మాడిపోతే జనం హడలిపోయారు. శిలీంధ్ర రోగమూ, దానికి తోడు టీ దోమ అనే పురుగూ కారణమని శాస్త్రజ్ఞులు చెప్పారు. చచ్చిందనుకుని తొందరపడి కొట్టేసినవి పోయాయి. ఆగి చూసిన చోట చాలా చెట్లు మరుసటి ఏడు మళ్లీ చిగిర్చాయి.

శ్రద్ధ పెడితే ఏమవుతుందో చూడడానికి దూరం పోనక్కర లేదు. కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను 1989లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. బరువు కొమ్మలకు ఊతం ఇచ్చి, లేత ఊడలను మట్టీ ఎరువూ నింపిన వెదురు బొంగుల్లో నేల దాకా దించుతూ దాన్ని సాకుతున్నారు. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి చెదలు పట్టినప్పుడు, 2018లో, సెలైన్ సీసాలు కట్టి బొట్టుబొట్టుగా మందు ఎక్కించారు. పేరున్న చెట్టుకు దక్కిన ఈ వైద్యంలో పదోవంతయినా బస్టాండు పక్కన నీడనిచ్చే పేరులేని వేపకు దక్కకూడదా?

మొక్కలు నాటే ఉత్సవాలకు కొదవ లేదు. నాటినవి లెక్కకు వస్తాయి, బతికినవి రావు. మొక్కకు రక్షగా పెట్టిన ఇనుప కంచెను చెట్టు పెరిగాక తీసేవారు లేక, అది బెరడులోకి కోసుకుపోయిన దృశ్యాలు ఏ పట్టణంలోనైనా కనబడతాయి. తీగల కిందనే రావి నాటి, ఐదేళ్లకు దాని తల నరికే తెలివి మరొకటి.

బేతంచెర్ల ఇప్పుడు పల్లె కాదు. 2021 నవంబరులో నగర పంచాయతీ ఎన్నికలు కూడా జరిగాయి. పాలకవర్గం, అధికారులు తలచుకుంటే అటవీ, ఉద్యానవన శాఖల సాయంతో ఇద్దరు ముగ్గురు పనివాళ్లకు రంపం పని, నడుముకు తాడు కట్టుకుని చెట్టెక్కే పని నేర్పించడం కష్టమేమీ కాదు. విద్యుత్ శాఖ వారు కొమ్మలు కొట్టే రోజున ఆ మనుషులు వెంట ఉండాలి. ఎండుకొమ్మలను వేసవి గాలివానలకు ముందే, మాఘమాసంలో తీసేయాలి. ఈలోగా చేయదగిన పని ఒకటుంది. పట్టణంలో ఏయే చెట్ల మొదళ్లకు బండలు బిగిశాయో వీధివారీగా రాసుకుని, రానున్న వానలలోపు మీటరు మేర లేపించాలి.