తల్లితీగ ఆరోగ్యము

అనాబ్-ఎ-షాహి అన్న పేరు మన కళాశాలలో ఉర్దూ చదువు మిత్రులకు విన్నంతనే అర్థమగును: రాజయోగ్యమైన ద్రాక్ష. తెలుగువారమైన మేము అర్థము తెలియకనే ఆ పండ్లను ఆరగించితిమి. హైదరాబాదు పరిసరములలో ఆ ద్రాక్షకు ఖ్యాతి తెచ్చిన తోటలలో అనేకము నేడు ఇండ్ల స్థలములైనవి. మిగిలిన తోటలకైనను, కొత్తగా వేయువానికైనను నాటెడి కొమ్మ ఎట్టిదన్న ప్రశ్న అన్నిటికంటె ముఖ్యమని మా అభిప్రాయము.

ద్రాక్షతోటను విత్తనముతో వేయరు. కొమ్మను కత్తిరించి నాటుదురు, లేదా డాగ్‌రిడ్జ్ వంటి వేరుమొక్కపై అంటు కట్టుదురు. కావున తల్లితీగలోని సుగుణములతోపాటు దాని వైరసు వ్యాధియు పిల్లతీగకు సంక్రమించును. బూజు తెగులుకు బోర్డో మిశ్రమమున్నది. లీఫ్‌రోల్ వైరసును నయము చేయుటకు తోటలో చల్లదగిన మందు లేదు. అది సోకిన తీగ వెంటనే చావదు. కాయ ఆలస్యముగా పండును, తీపి తగ్గును, దిగుబడి సన్నగిల్లును. నల్లద్రాక్షలో ఆకులు ఎర్రబడి అంచులు క్రిందికి చుట్టుకొనును. తెల్లద్రాక్షలో ఆ గుర్తు అంత స్పష్టముగా నుండదు. వేరుమొక్కలలో తరచు కానరానే కానరాదు. పైగా పిండినల్లి దానిని తీగనుండి తీగకు మోయును. పచ్చగానే యున్నది గదా యని పొరుగు తోట కొమ్మను తెచ్చుకొన్న రైతుకు, అప్పు చేసి పందిరి వేసి ఏండ్ల తరబడి కాచుకొన్న పిమ్మట గాని సత్యము బోధపడదు.

తీగ చివరనుండు సూక్ష్మమైన మొగ్గ కణజాలమును ప్రయోగశాలలో పెంచి, ఎలైసా, పీసీఆర్ పరీక్షలలో వైరసు లేదని తేలిన మొక్కనే తల్లిగా నిలుపుట దీనికి మార్గము. కాలిఫోర్నియాలోని డేవిస్‌లో 1958 నుండి ఇట్టి శుద్ధమైన మొక్కలను సాకుచున్నారు. మన కేంద్ర మంత్రివర్గము 2024 ఆగస్టులో 1,765.67 కోట్ల రూపాయలతో క్లీన్ ప్లాంట్ కార్యక్రమమును ఆమోదించినది. తలపెట్టిన తొమ్మిది కేంద్రములలో ద్రాక్షకు పుణెను ఎంచినారు. సంతోషమే. కాని పుణెలో తల్లితీగ ఆరోగ్యముగా నున్నంత మాత్రమున రంగారెడ్డి జిల్లా రైతుకు ఒరుగునదేమి? పాత తోటలకు దూరముగా, ఏటేట పరీక్షింపబడు తల్లితీగల మడి ఇచ్చటి నర్సరీలోనే యుండవలెను. అమ్మిన ప్రతి మొక్కకు దాని తల్లి సంఖ్య తెలుపు చీటీ కట్టవలెను. ధర కొంత హెచ్చగును. ఆ హెచ్చును ప్రభుత్వము భరించుట న్యాయము.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపము. మా వృక్షశాస్త్ర విద్యార్థులను ఒక్కసారి పుణె పంపుడు. కణజాల వర్ధనమును మేము పుస్తకములోని బొమ్మలలోనే చూచితిమి. రైలు ఛార్జీలో సగము మేమే పెట్టుకొందుము.