నల్లపొగకి ఎలిజీలు చాలు

ఆల్కో డీజిల్ ఇంజన్ మీద ఈమధ్య ఇంకో ఎలిజీ చదివాను. మళ్లీ అదే నల్లపొగ, అదే గుండెచప్పుడు, చివర్లో అదే బాల్యం. ఇక చాలనిపించింది.

ముందు పొగ సంగతి తేల్చుకుందాం. డ్రైవర్ నాచ్ పెంచగానే డీజిల్ ఎక్కువ పడుతుంది. దాన్ని కాల్చడానికి గాలి అందించే టర్బో మాత్రం ఎగ్జాస్ట్ తోపుతో తిరుగుతుంది కాబట్టి, వేగం అందుకోడానికి కాసేపు పడుతుంది. ఈలోపు సరిగ్గా కాలని డీజిలే మన కవిగారి మేఘం. గుత్తి షెడ్‌లో ఫిట్టర్‌గా చేసి రిటైరైన మా మామకి ఆ వ్యాసం చదివి వినిపిస్తే నవ్వాడు. "పొగ ఎక్కువొస్తాందంటే మాకు సిగ్గురా అల్లుడా. దాన్నేంది, అంత మురిపెంగా రాసుకుంటాండారు?"

నాకు ఆ ఇంజన్ మీద ప్రేమ లేదనుకోకండి. 1962లో అమెరికా నుంచి వచ్చి, 1964 నుంచి వారణాసిలో తయారైన డబ్ల్యూడీఎం-2కి 16 సిలిండర్లు, 2600 హార్స్‌పవర్. ముప్పై ఏళ్లకు పైగా తయారవుతూనే వచ్చింది. (నేను రాసిన కోడ్ మూడేళ్లు బతికితే ఆఫీసులో పార్టీ ఇస్తాను.) కానీ మనది కిటికీ సీటు ప్రేమ. ఆ ఇంజన్‌కి క్యాబ్ ఒక చివరే ఉంటుంది. రెండో చివర ముందుండేలా నడపాల్సి వస్తే ఇంజన్ ఒళ్లంతా కళ్లకి అడ్డం. డ్రైవరూ అసిస్టెంటూ చెరో పక్క నుంచి తొంగిచూస్తూ సిగ్నళ్లు ఒకరికొకరు అరిచి చెప్పుకోవాలి. టాయిలెట్ లేదు. ఇవేవీ మన ఎలిజీల్లోకి రావు. మనమెప్పుడూ పదో బోగీలోనే ఉన్నాం మరి.

ఇప్పుడు పైన కరెంటు తీగ వచ్చేసింది. ఎక్స్‌ప్రెస్‌లు పోతాయి, తర్వాత పాసింజర్లు, ఆఖర్న కంకర బళ్లూ యార్డులో షంటింగూ మిగుల్తాయి. ఒకరోజు కండెమ్ లిస్టులోకి నంబరెక్కుతుంది. 112 టన్నుల ఇంజన్ని తుక్కు లెక్కన వేలం వేస్తారు. సరిగ్గా ఈ ఆఖరి నెలల్లోనే మనం ఫోన్లు పట్టుకుని రీల్స్‌కి బయల్దేరాం.

తీగ రావడం తప్పని నేననను, రావాల్సిందే. నా గొడవల్లా దానితోపాటు పోతున్న పని గురించి. చప్పుడు విని ఎక్కడ తేడా ఉందో పట్టే చెవులు, ఆ పనిలోంచి షెడ్‌లో పుట్టిన మాటలు. ఇంగ్లీషు మాన్యువల్ ఎక్కడో ఒకచోట మిగులుతుంది. మామ నోట్లో ఉన్న తెలుగు ఎక్కడ మిగులుతుంది? నేను చదివిన రైలు కథల్లో స్టేషనుంది, వీడ్కోలుంది, వానుంది. ఫిట్టర్ లేడు.

మామ ఖాళీగానే ఉంటాడు. వచ్చేటప్పుడు నోట్‌బుక్ తెచ్చుకోండి. సాయంత్రం అయిదు దాటాకైతే టీ కూడా ఆయనే పోయిస్తాడు.