వినతిపత్రం: పథ్యం చెప్పే ముందు పరీక్ష చేయించండి

గౌరవనీయులైన కృష్ణా జిల్లా కలెక్టర్ గారికి,
మచిలీపట్నం.

మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాల రక్తవ్యాధిగ్రస్తుల కుటుంబాలు విన్నవించుకునేది:

మా పిల్లల్లో కొందరికి ఐటీపీ ఉంది. ఒంట్లోని రక్షణ వ్యవస్థే ప్లేట్‌లెట్లను చంపేస్తుంది. లక్షన్నరకు పైగా ఉండాల్సినవి వేలల్లోకి దిగుతాయి. కాళ్లమీద సన్నని ఎర్రచుక్కలు, చిగుళ్లనుంచి రక్తం, ఆడపిల్లలకైతే ఆగని నెలసరి. ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ తలో మాట చెబుతారు. గోంగూర వేడని ఒకరు, చేపలు మానమని ఒకరు, బొప్పాయాకు రసం పట్టమని ఇంకొకరు. చివరికి పిల్లకు చారన్నమే మిగులుతోంది.

తిండికీ ఈ జబ్బుకూ సంబంధమే లేదని మేము వాదించడం లేదు. నువ్వుల ముద్ద తిన్న ఒక యువతికి ప్లేట్‌లెట్లు పడిపోయిన ఉదంతం 1998లో లాన్సెట్ వైద్యపత్రికలో వచ్చింది. మా ఇళ్లలో పెద్దమనిషైన పిల్లకు నువ్వుల చిమ్మిలి దంచి పెడతాం. ఆ ఒక్క ఉదంతంతో చిమ్మిలిని వెలివేయడం అన్యాయం, ఏం తిన్నావని రోగిని అడగకపోవడమూ అన్యాయమే. కాబట్టి ఇలాంటి ప్రతి రోగి కేసు షీటులో జబ్బు బయటపడకముందు తిన్నవి, వాడిన మందులు, ఆకు పసర్లు తప్పనిసరిగా రాయించండి. 2023లో మొదలైన మచిలీపట్నం ప్రభుత్వ వైద్య కళాశాలకు ఆ వివరాల పరిశీలన అప్పగించండి.

ఎండుచేపలు, ఊరగాయల విషయం వేరు. ఈ జబ్బుకు స్టెరాయిడ్ మాత్రలు వాడేవాళ్లకు ఉప్పు ఎక్కువైతే ఒంటికి నీరు పడుతుంది, బీపీ పెరుగుతుంది. ఈ కారణం విడమరిచి చెప్పేవాళ్లు లేక జనం చేపనే దోషిని చేస్తున్నారు. మందులిచ్చే రోజే ఆహార నిపుణుల సలహా కూడా తెలుగులో రాసి ఇప్పించండి.

ఐటీపీ ఒక్కటే కాదు. దివిసీమలో రోజూ చేప తినేవాళ్లకు బి12 విటమిన్ తగ్గితే నమ్మేవాళ్లుండరు. బి12ను ఒంటికి పట్టించే పదార్థాన్ని యాంటీబాడీలు అడ్డుకునే రక్తహీనత ఒకటుంది. దానికి ఎంత తిన్నా చాలదు, ఇంజక్షన్లే ఎక్కువగా దిక్కు. అనుమానం ఉన్నవారికి బి12, యాంటీబాడీ పరీక్షలు, ఎర్రకణాలు చితికిపోయే రక్తహీనతకు కూంబ్స్ పరీక్ష మచిలీపట్నంలోనే ఉచితంగా జరిపించండి. గుడివాడ, అవనిగడ్డ ప్రభుత్వ ఆసుపత్రుల్లో నమూనాలు తీసుకుని పంపే ఏర్పాటు చేస్తే చాలు, కూలి మానుకుని విజయవాడ వెళ్లే బాధ తప్పుతుంది.

ఫలితం వచ్చేదాకా ఏ పిల్ల కంచంలోంచీ పప్పు, గుడ్డు, చేప తీసేయొద్దని ఆశా కార్యకర్తల ద్వారా ఊరూరా చెప్పించవలసిందిగా కోరుతున్నాం.

ఇట్లు,
రక్తవ్యాధిగ్రస్తుల కుటుంబ సభ్యులు