ఫోన్ ఒక్కటి, బిడ్డలు ముగ్గురు



మొన్న జుమా నమాజ్ అయ్యాక కొత్తగూడలో మస్జిద్ మెట్ల దగ్గర చిన్న బహస్ జరిగింది. సర్కారు ప్రాథమిక బడుల్లో ఏఐతో పాఠాలు చెప్పిస్తున్నారన్న ముచ్చట ఎవరో తీశారు. "తౌబా! ఇంట్లో ఫోన్ ఫిత్నా చాలదా, ఇక బడిలో కూడానా?" అన్నారు ఒక బుజుర్గ్. పక్కనున్న నౌజవాన్ నవ్వి, "చాచా, ఇంక ఉస్తాద్‌ల జరూరతే లేదు. అంతా మిషనే చెప్తది" అన్నాడు.

ఇద్దరిదీ గలతే అంటాను నేను. చాచాది కొంచెం పెద్ద గలతీ.

ఎందుకంటే నాకు 2020 ఇంకా గుర్తుంది. బడులకు తాళాలు. సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో పాఠాలు మొదలయ్యాయి. మా ఆపా ఇంట్లో టీవీ ఖరాబ్, ఫోన్ ఒక్కటి, బిడ్డలు ముగ్గురు. అడవి ఊళ్లలో సిగ్నల్ సంగతి మీకు చెప్పేదేముంది, దొరికినంత సేపే తరగతి. ఆ కాస్త సేపూ ఫోన్ ఎవరి చేతికి పోయింది? కొడుకు చేతికి. ఎవరూ కూర్చుని ఫైసలా చేయలేదు, అలా జరిగిపోయింది. ఎనిమిదో తరగతి పెద్ద బిడ్డ వంటింట్లో రొట్టెలు చేస్తూ తలుపు చాటు నుంచి లెక్కలు విన్నది. బడి తెరిచాక మళ్లీ అందుకోలేకపోయింది. పదిలో లెక్కలు తప్పింది. ఆ ఎండాకాలమే రిష్తాలు చూడడం మొదలుపెట్టారు.

అందుకే చెబుతున్నాను, బడిలో కంప్యూటర్‌కి వంతు హాజరు పట్టీని బట్టి వస్తుంది, ఇంట్లో ఫోన్‌కి రాదు. మిషన్ బడిలోకి రాకూడదని మనం అడ్డుపడితే నష్టపోయేది కొడుకులు కాదు, మన బేటీలే.

2025 ఫిబ్రవరిలో ఎక్‌స్టెప్ ఫౌండేషన్ తోడ్పాటుతో మన రాష్ట్రంలో మొదట కొన్ని జిల్లాల్లో ఈ పాఠాలు ప్రారంభించారు. చదవడంలో, లెక్కల్లో వెనకబడిన పిల్లల కోసం. మంచిదే. పదిసార్లు తప్పు చెప్పినా మిషన్ విసుక్కోదు, క్లాసంతా నవ్వదు. సిగ్గుపడే పిల్లకు అది చిన్న నేమత్ కాదు.

ఇక నౌజవాన్ భాయ్‌కి జవాబ్. ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరు 21న ఎనిమిదో తరగతి పిల్లలకు బైజూస్ పాఠాలు నింపిన ట్యాబ్‌లు పంచడం మొదలుపెట్టారు. 2024 జూలైకల్లా ఆ కంపెనీయే దివాలా కేసులో చిక్కుకుంది. కంపెనీ పోతుంది, ఉస్తాద్ మరుసటి రోజు కూడా బడికి వస్తాడు. పైగా మా మండలంలో ఒకే బెంచీ మీద కోయ పిల్ల, లంబాడా పిల్ల, దక్నీ మాట్లాడే మన పిల్ల కూర్చుంటారు. మాట విని దిద్దే మిషన్లు ఎక్కువగా పెద్దవాళ్ల గొంతులతో, పుస్తకాల భాషతో నేర్చుకున్నవి. పిల్లల గొంతు దగ్గర, యాస దగ్గర తడబడతాయి. మన పిల్ల మధ్యలో "నక్కో" అంటే ఉస్తాద్ నవ్వి అర్థం చేసుకుంటాడు. మిషన్ తప్పు అని గీత పెడుతుంది. అప్పుడు "నువ్వు చెప్పింది సరే బేటా" అనడానికి పక్కన ఒక మనిషి ఉండాలి కదా?

ఈ మాటలు మెట్ల దగ్గర అనుకుంటే ఎవరికి వినిపిస్తాయి? 2024 నుంచి ప్రతి సర్కారు బడికీ అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ ఉంది. అందులో మన అమ్మీలు ఎంతమంది నోరు విప్పారు? వారానికి ఒక్కో పిల్లకు ఎన్ని నిమిషాలు ఇస్తున్నారు, పక్కన టీచర్ ఉంటున్నారా, రికార్డు చేసిన పిల్లల గొంతు ఎవరి దగ్గరికి పోతోంది అని అడగడం మన హఖ్.

వచ్చే మీటింగ్‌కు ఆపా వస్తానంది. చిన్న బిడ్డ ఇప్పుడు ఎనిమిదో తరగతి. వాళ్ల హైస్కూల్లో కంప్యూటర్ గదికి తాళం వేసి ఉంటుందట. ముందు ఆ చెవి ఎవరి దగ్గరుందో అడుగుతుందట.