తాతయ్య కదలకపోయినా... లైటు ఆరదు!

ఉయ్యూరు దగ్గరో, పామర్రు పక్కనో ఓ డాబా ఇల్లు. రాత్రి ఏడున్నర. తాతయ్య పడక్కుర్చీలో వాలి తీరిగ్గా పేపరు చదువుకుంటున్నారు. ఉన్నట్టుండి లైటు ఆరిపోయింది. కరెంటు పోయిందా అంటే... నెత్తిన ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఆయన చెయ్యెత్తి రెండుసార్లు ఊపారు. లైటు వెలిగింది. పావుగంటయ్యాక మళ్లీ అదే తంతు!

'నేనిక్కడున్నానని ఈ లైటుకి ఎన్నిసార్లు చెప్పుకోవాలి?' అని తాతయ్య విసుక్కున్నా ఆశ్చర్యం లేదు. సెలవులకి అమెరికా నుంచి వచ్చిన మనవడు ముచ్చటపడి బిగించిన ఆటోమేటిక్ లైటు అది. తప్పు తాతయ్యదీ కాదు, మనవడిదీ కాదు. ఆ లైటుకున్న 'కన్ను'ది!

వేడిని చూసే కన్ను

ఇలాంటి లైట్లలో ఎక్కువగా వాడేది పీఐఆర్ సెన్సర్. మన ఒంటి నుంచి వెలువడే పరారుణ కిరణాల్లో వచ్చే మార్పుని అది పసిగడుతుంది. మనిషి అటూ ఇటూ తిరిగితేనే ఆ మార్పు. కదలకుండా కూర్చున్నా, కునుకు తీసినా... దాని లెక్కలో గదిలో ఎవరూ లేనట్టే. మే నెలలో మన బెజవాడ గదులు ఒంటి వేడితో పోటీపడుతుంటే తేడా తెలియక మరింత తడబడుతుంది. దీనికి విరుగుడుగా ఇప్పుడు ఔత్సాహికులు ఇళ్లలోనే కూర్చుకుంటున్నారు... రాడార్ సెన్సర్లు!

బందరు రాడార్‌కి బుల్లి తమ్ముడు

రాడార్ అనగానే కృష్ణా తీరంలో గుర్తొచ్చేది బందరే. 1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెన వేలమందిని పొట్టనపెట్టుకుంది. అలాంటి తుపానుల మీద ముందుగానే కన్నేసి ఉంచేందుకు మచిలీపట్నంలో 2004లో డాప్లర్ వాతావరణ రాడార్‌ని ఏర్పాటుచేశారు. అది పంపే తరంగాలు వందల కిలోమీటర్ల దూరంలోని వాన చినుకుల్ని తాకి వెనక్కి వస్తాయి. ఆ వచ్చిన తరంగంలో తేడాని బట్టి మబ్బులు దగ్గరికొస్తున్నాయా, దూరం జరుగుతున్నాయా అన్నది తెలుస్తుంది.

చిన్న స్టేషన్లో ఆగకుండా దూసుకుపోయే ఎక్స్‌ప్రెస్ కూత వినే ఉంటారు. దగ్గరికొచ్చేటప్పుడు కీచుగా, దాటిపోయాక బొంగురుగా ఉంటుంది కదా. ఆ తేడా వెనకున్న సూత్రాన్ని ఆస్ట్రియా శాస్త్రవేత్త క్రిస్టియన్ డాప్లర్ 1842లో చెప్పాడు. బందరు రాడార్ పేరులో ఉన్నది ఆయనే.

ఇంట్లో పెట్టుకునే బుల్లి రాడార్‌దీ ఇదే దారి. కాకపోతే బందరు రాడార్ తరంగం పొడవు పది సెంటీమీటర్లుంటే దీనిది ఒకటింబావు సెంటీమీటరే. పనిచేసేది 24 గిగాహెర్ట్జ్ దగ్గర. తరంగం అంత చిన్నది కాబట్టి కదలికలూ అంత సూక్ష్మంగా దొరుకుతాయి. ఊపిరి తీసినప్పుడు ఛాతీ కొద్ది మిల్లీమీటర్లు కదిలినా చాలు, 'మనిషి ఉన్నాడు' అని చెప్పేస్తుంది.

మూడు తీగలు చాలు

ఇంట్లో తయారీ అంటే రాడార్ చిప్ మనం చేసేది కాదు. చైనాలోని షెంజెన్‌కి చెందిన హై-లింక్ సంస్థ చేసే ఎల్‌డీ2410 అనే మాడ్యూల్ బొటనవేలంత ఉంటుంది. దానికి వైఫై ఉన్న ఈఎస్‌పీ32 బోర్డు జత చేయాలి. రెండూ కలిపి ఖర్చు వెయ్యి రూపాయల లోపే. అయిదు వోల్టుల కరెంటుకొకటి, గ్రౌండ్‌కొకటి, 'ఉన్నారు-లేరు' అనే సంకేతానికొకటి... మూడు తీగలు కలిపితే చాలు. ఫోను ఛార్జరుతో నడుస్తుంది. ఈఎస్‌పీహోమ్, హోమ్ అసిస్టెంట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్లు మిగతాది చూసుకుంటాయి. ఇంట్లోని చిన్న కంప్యూటర్ మీదే పనిచేస్తాయి కాబట్టి ఇంటర్నెట్ లేకున్నా లైట్లు వెలుగుతాయి. అయితే 230 వోల్టుల లైటు తీగల జోలికి మాత్రం సొంతంగా వెళ్లొద్దు. అది ఎలక్ట్రీషియన్ పని.

పేచీ అంతా ఫ్యానుతోనే

ఇక్కడే ఉంది అసలు చిక్కు. రాడార్‌కి తిరిగే ఫ్యాను రెక్కా కదలికే. గాలికి ఊగే దోమతెర, కిటికీ కర్టెను, దండెం మీద చీర... అన్నీ కదలికలే. మనిషి లేకపోయినా లైటు ఆరదు. మన ఎండలకి ఫ్యాను ఆపుకునే ఇల్లుంటుందా మరి!

అందుకే దీన్ని పైకప్పుకి కాకుండా గోడకి కుర్చీ ఎత్తులో, ఫ్యాను వైపు చూడకుండా బిగించాలి. ఎల్‌డీ2410 గదిని 75 సెంటీమీటర్ల చొప్పున అరలుగా విడగొట్టి చూస్తుంది. ఏ అరలో దోమతెర ఊగుతోందో కనిపెట్టి అక్కడ మాత్రం చురుకుదనం తగ్గించొచ్చు. పలుచని చెక్క తలుపు అవతలి మనిషిని కూడా పసిగడుతుంది. ఇనప బీరువా ఎదురైతే తరంగాలు తిరిగొచ్చేస్తాయి. ఒక ఇంట్లో కుదిరిన లెక్క మరో ఇంట్లో కుదరదు. రెండుమూడు రోజులు ఓపిగ్గా సర్దుకోవాల్సిందే.

కెమెరా కాదు, కాపలా

లైటు సంగతి సరే... పిల్లలు విదేశాల్లో ఉండి, పెద్దవాళ్లిద్దరే మిగిలిన ఇళ్లకి దీనితో మరో ఉపయోగం ఉంది. బాత్రూంలో కెమెరా పెట్టలేం. పెట్టినా నాయనమ్మ ఒప్పుకోదు. రాడార్ బొమ్మ తీయదు, మాట వినదు. నీళ్లు తగలని చోట ప్లాస్టిక్ డబ్బాలో ఉంచితే చాలు, తరంగాలు అందులోంచి దాటిపోతాయి. లోపలికెళ్లిన మనిషి అరగంట దాటినా బయటికి రాలేదంటే ఫోను మోగేలా ఏర్పాటు చేసుకోవచ్చు.

కానీ ఒక్కమాట. లోపల మనిషి ఉన్నారని మాత్రమే ఇది చెబుతుంది, బాగున్నారని చెప్పదు. పడిపోయిన మనిషి ఊపిరీ దానికి 'ఉన్నారు' కిందే లెక్క. మంచం మీద పడుకున్న పిల్లి ఊపిరి కూడా అంతే! కరెంటు పోతే సెన్సరూ, వైఫై రెండూ మూగబోతాయి. ఆ మౌనాన్ని 'గదిలో ఎవరూ లేరు' అని పొరబడకూడదు. సెన్సర్ పనిచేయకపోతే వేరుగా కబురొచ్చేలా చూసుకోవాలి. రౌటర్‌ని ఇన్వర్టర్‌కి కలపాలి.

అన్నిటికన్నా ముందు ఆ ఇంటి పెద్దల్ని అడగాలి. ఇది ఎందుకు పెడుతున్నామో వాళ్లకి అర్థమయ్యేలా చెప్పాలి. ఆ తర్వాత ఫోను ఎవరికి మోగాలన్నది ఆలోచించాలి. డల్లాస్‌లో ఉన్న కొడుకుకి ఒక్కడికే మోగితే అక్కడ అర్ధరాత్రి కావచ్చు, నిద్రలేచినా చేయగలిగింది తక్కువ. అదే కబురు పక్కింటి అత్తయ్యకీ అందితే రెండు నిమిషాల్లో వచ్చి తలుపు తడుతుంది. అందుకే రాడార్ కొనే ముందు, ఆమెకి ఓ మాట చెప్పి ఇంటి తాళంచెవి ఒకటి ఇచ్చి రావడం మంచిది.